లచ్చవ్వతో కలిసి బాయి మైసమ్మ దగ్గరికి

ఈ ప్రయాణానికి కారణం ఒక నవల. నేను కరీంనగర్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీ లైబ్రరీలో అట్ట ఊడిపోయిన పాత పుస్తకం ఒకటి దొరికింది. బొగ్గు గనులు కొత్తగా తవ్వుతున్న కాలంలో ఊరు విడిచి గనిలో పనికి కుదిరిన కుటుంబం కథ అది. ఆకలి, జబ్బులు, కూలే పైకప్పులు, వాటన్నిటి మధ్య గనిని కాచే దేవత మైసమ్మ మీద ఇల్లాలి నమ్మకం. రెండు రోజుల్లో చదివేసి, నచ్చిన మాటలన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. నా క్లాస్‌మేట్ స్వప్నకు చెబితే, "మా అవ్వది గూడ అసొంటి కథనే. వచ్చి ఆమెకు సదివి వినిపియ్యరాదు?" అంది.

స్వప్న వాళ్ల తాత ఆమె పుట్టకముందే, గనిలోకి నీళ్లు వచ్చి చనిపోయాడు. శవం దొరకలేదు. ఆ గని మూతపడి చాలా కాలమైంది. ఇప్పుడు అక్కడ ఓపెన్‌కాస్ట్ వస్తోంది, అంటే నేలను పైనుంచే తవ్వేస్తారు. గని ముందున్న మైసమ్మను ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి కొత్త గుడికి తరలించి, ఆ చోటుకు కంచె వేస్తారట. భర్త పోయిన చోట నిలబడటానికి అవ్వకు అదే ఆఖరి రోజు. కానీ ఆయన పోయినప్పటి నుంచి ఆమె మైసమ్మ ముఖం చూడలేదు. నవల వింటే మనసు మారుతుందేమోనని స్వప్న ఆశ. నాకైతే నమ్మకమే.

ఆదివారం ఉదయం ఏడింటికి కరీంనగర్‌లో బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, డబ్బులక్కర్లేదు. పెద్దపల్లి మీదుగా గోదావరిఖని రెండు గంటల ప్రయాణం. బస్టాండు నుంచి స్వప్న వాళ్లుండే కాలనీకి ఆటోకు నలభై రూపాయలు. "సుట్టాలింటికా చెల్లె?" అని అడిగాడు డ్రైవరు. "కాదన్నా, గనులు చూడ్డానికి" అన్నాను. అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. "మా నాయిన ముప్పై ఏండ్లు చూసిండు. గిప్పుడు దగ్గుకుంట పండుకున్నడు. గని అంటవేంది, బాయి అను. గని అంటె ఆఫీసరనుకుంటరు." నవల నిండా 'గని' అనే ఉంది. 'బాయి' అని రాసుకుని, అతని ఫోన్ నంబరు తీసుకున్నాను.

స్వప్న వాళ్ల అవ్వ, లచ్చవ్వ, వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "సదువుకునే పోరివి, గింత బక్కగున్నవేంది? హాస్టల్ల బువ్వ పెడ్తలేరా?" అంది. చదవడం మొదలుపెట్టాను. అవ్వ ఊఁ కొడుతూ, మధ్యలో రచయితను దిద్దుతూ వింది. "ఆకలి సంగతి మంచిగ రాసిండు. ఆడోళ్లు గంతగనం ఏడ్వరు గాని. ఏడిస్తె వంటెవరు చేస్తరు?" పదిన్నరకు స్వప్న గడియారం వైపు సైగ చేసింది. ఇంకో నాలుగు పేజీలన్నాను. భర్త గనిలో చిక్కుకుపోతే, భార్య తడిచీరతో మూడు రోజులు మైసమ్మ చుట్టూ తిరిగే అధ్యాయం ముందుంది. మూడో నాడు అతను నడుచుకుంటూ బయటికి వస్తాడు. దాని కోసమే నేను ఇంత దూరం వచ్చాను. చదివి తలెత్తేసరికి అవ్వ చేతులు ఆగిపోయి ఉన్నాయి.

"బతికొచ్చిండా?"

"వచ్చాడవ్వా. మొక్కు ఫలించింది."

"నేను మొక్కలేదా బిడ్డా?" పుస్తకం మూశాను. "నాలుగొద్దులు తిరిగిన తడిచీరెతోని. కడుపుల స్వప్న నాయిన. అయిదోనాడు గడ్డితోని మనిషిని చేసి, ఆయన అంగి తొడిగి కాలవెట్టిన్రు. నా మొక్కుల ఏం తక్కువైంది?"

"అది కథవ్వా. కల్పించి రాసింది."

"కథలనన్న మైసమ్మ ఆమెకిచ్చింది గద."

లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకుంది. పదకొండున్నర, పన్నెండు, ఒంటిగంట. మిగిలిన చిక్కుడుకాయలు స్వప్న తుంచింది. ఒకటిన్నరకు అవ్వ చీర మార్చుకుని బయటికి వచ్చింది. "పాండ్రి. ఆమెనే అడుగుత."

"ఎవర్నే?" అంది స్వప్న.

"మైసమ్మను. ముఖం మీదనే అడుగుత, ఎందుకియ్యలేదో."

పన్నెండింటికే తరలిస్తారన్నారు కదా అంటే, "ఏ పని టైముకైందే ఈ ఊర్లె?" అంది. ఉదయం ఎక్కిన ఆటో అన్నకే ఫోన్ చేశాను. రానూపోనూ నాలుగు వందలు. కమాన్‌పూర్ దారిలో చెట్ల ఆకులు బూడిదరంగులో ఉన్నాయి, రెండు పక్కలా మట్టి గుట్టలు. గని ఇంకా కిలోమీటరుందనగా ఎర్రజెండా పట్టుకున్న గార్డు ఆపాడు. బ్లాస్టింగ్ ఉందట, ముప్పావు గంట ఆగాలట.

"ముసలామె తమ్మీ, రెండు నిమిషాల్ల దాటిపోతం" అన్నాడు ఆటో అన్న.

"రాళ్లు ముసలామెని సూసి పడయి అన్నా."

"ఆనాడు గూడ గిట్లనే తాడు కట్టి ఆపిన్రు ఆడోళ్లనందర్ని" అంది అవ్వ, ఎవరితోనూ కాకుండా. సైరన్ మోగింది. తర్వాత నేల ఒక్కసారిగా కింది నుంచి తన్నినట్టయి ఆటో ఊగింది. అవ్వ ఇనుపకడ్డీని గట్టిగా పట్టుకుంది.

మేం చేరేసరికి మూడు దాటింది. గద్దె మీద పసుపు మరకలు, వేపమండలు, కొబ్బరి పీచు. మైసమ్మ రాయి లేదు. కొత్తగా వేసిన కంచె అవతల, యాభై అడుగుల దూరంలో, ఇటుకలతో మూసేసిన గని ద్వారం. తీగ బిగిస్తున్న ఒకతను, "కొత్త గుడికి తీస్కపోయిన్రు అవ్వా, పన్నెండుకే. ఆడికి పోయి మొక్కుకో" అన్నాడు.

"ఆడ నాకేం పని? నా మనిషి గీడున్నడు."

కంచె పట్టుకుని చాలాసేపు అటే చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఆ పుస్తకంల ఆయన ఎన్నొద్దులున్నడంటివి లోపట?" అని అడిగింది. మూడు రోజులన్నాను. తలూపి, వెళ్లి ఆటోలో కూర్చుంది.

తిరుగు బస్సులో ఆ అధ్యాయం మళ్లీ తెరిచాను. అతనితో పాటు గనిలో మరో అయిదుగురున్నారు. వాళ్ల గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: దొరకలేదు. అవ్వకు చదువుతున్నప్పుడు, సంతోషం దగ్గరికి చేరాలన్న తొందరలో, నేను దాన్ని దాటేశాను. మొదటిసారి చదివినప్పుడూ అలాగే దాటేసి ఉంటాను. ఆ అయిదుగురి భార్యలు కూడా తడిచీరలతో తిరిగే ఉంటారని నాకు తట్టనేలేదు. నవల మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. కానీ దాన్ని పట్టుకుని ఒక మనిషి ఇంటికి వెళ్లి, ఆమెకున్న ఒక్క పూటనూ వాడేసుకున్నాను.

మీరు ఆ వైపు వెళ్లేట్లయితే ఒక సూచన. మధ్యాహ్నం బ్లాస్టింగ్ వేళ ఆ దారి మూసేస్తారు, ఎంత బతిమాలినా వదలరు. పొద్దున్నే బయల్దేరండి. పుస్తకాన్ని తిరిగొచ్చాక చదువుకోవచ్చు.