పచ్చి కాంక్రీటు

ముప్పై ఒక్క ఏళ్ళు రోడ్డు వంతెనల లెక్కలు చేత్తో వేసి రిటైరయ్యాను. మా మైలాపూరు ఇంట్లో ఇప్పుడు అవే లెక్కలు కోడలు కంప్యూటర్‌లో వేస్తుంది. మావారు ఆమెను పొగిడినప్పుడల్లా నాకు కడుపు మండేది.

ఒక ఆదివారం ఆమె వేసిన ఒక వంతెన లెక్కల కాగితాలు తీసుకుని రెండు గంటలు లెక్కగట్టాను. బంధువులందరి ముందు, "ఉక్కు గర్డరులో ఇంత ఒత్తిడి రాదు. తప్పు వేశావు" అన్నాను.

ఆమె నా కాగితం ఒక నిమిషం చూసింది.

"అత్తా, పైనుండే కాంక్రీటు బలం కూడా కలిపేసినారు మీరు. ఇది కాంక్రీటు పోసే రోజు లెక్క. ఆ పొద్దు అది పచ్చిగా ఉంటాది గదా. ఆడ బరువే గానీ బలం యాడుంది? గర్డరొకటే మోయాల."

ఆఫీసులో కొత్తవాళ్ళకు నేను మొదటి రోజే చెప్పిన పాఠమది. మావారు నవ్వారు. నేను నా కాగితం మడుచుకున్నాను.

తేదీ వేసి నా తప్పు డైరీలో రాసుకున్నాను. అసూయ ఇప్పటికీ ఉంది. ఆమె లెక్కలో తప్పు మాత్రం ఇంకా దొరకలేదు.