రెండు కిట్ల పికప్ బండి

ఈ దసరా ఉదయం మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఎవరిదో కొత్త కారు నాలుగు నిమ్మకాయలను తొక్కుకుంటూ బయటికి కదిలింది. మూడో అంతస్తులో ఉన్న నాకు ఆ చప్పుడు స్పష్టంగా వినిపించింది. చేతిలోని కాఫీ కప్పును బల్ల మీద పెట్టవలసినదానికంటే గట్టిగా పెట్టాను. "మళ్ళీనా?" అంది మా ఆవిడ వంటింట్లోంచి. మళ్ళీనే. ఐదేళ్ళుగా ప్రతి దసరాకీ నాకు ఇదే వేళకి కోపం వస్తోంది. ఉద్యోగ జీవితమంతా ఒక ఉక్కు కర్మాగారంలో కొలతలు తనిఖీ చేస్తూ గడిపినవాణ్ణి. కారణం విప్పి చెప్పకుండా కోప్పడి ఊరుకోవడం నాకు చేతకాదు.

మా అక్క భర్త మల్కాపురంలో ఉంటాడు. మా వైపు అలవాటు ప్రకారం నేను ఆయన్ని బావా అంటే ఆయనా నన్ను బావా అనేవాడు. పాతికేళ్ళపాటు హార్బర్ నుంచి చేపలు తోలిన మనిషి. బండి ఒక నీలిరంగు పికప్. పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పట్టు తప్పాక దాన్ని అమ్మేశారు. ఆ మర్నాటినుంచి ఇంటి ముందు బండి నిలిపే జాగా కేసి చూస్తూ కూర్చుంటున్నాడని అక్క చెప్పింది. అప్పటికి నేను రిటైరై, ప్లాస్టిక్ కార్ల కిట్లు తెప్పించి చిన్నచిన్న నమూనాలు కట్టే వ్యాపకంలో పడ్డాను. "నీ బండి నేను కట్టి ఇస్తాను బావా" అన్నాను. ఎవరూ అడగలేదు, నా అంతట నేనే అన్నాను.

తీరా వెతికితే ఆ పికప్‌కి కిట్ ఎవరూ తయారు చేయలేదని తేలింది. రెండు కిట్లు కొని ఒక బండి చెయ్యాలి: ఒక జీపు కిట్ నుంచి ముందుభాగం, ఒక అమెరికన్ పికప్ కిట్ నుంచి చట్రం, వెనక తొట్టి. నా కోపాలకు ప్రారంభం ఇక్కడే. జీపు అసలు బండిలో ఇరవై నాలుగో వంతు, పికప్ ఇరవై అయిదో వంతు. తయారీదారులిద్దరూ ఒక్క అంకె దగ్గర రాజీపడలేకపోయినందువల్ల, పదహారు వందల మిల్లీమీటర్ల వెడల్పుండే బండి ఒక పెట్టెలో అరవై ఆరు పాయింట్ ఏడు అవుతుంది, ఇంకో పెట్టెలో అరవై నాలుగు. ఆ తేడా కోసం తొట్టిని నిలువునా రెండుగా కోసి, నడుమ ప్లాస్టిక్ పట్టీ అతికించి, పుట్టీ రాసి, నాలుగు వందల నంబరు నుంచి రెండు వేల నంబరు దాకా గరుకు కాగితాలతో వరసగా రుద్దాను. బావ సాయంత్రాలు ఆటోలో వచ్చి పక్కన కూర్చునేవాడు.

"రెండు మిల్లీమీటర్లకి ఇంత గోలేటి బావా?"

"రెండు కాదు, రెండు పాయింట్ ఏడు."

"సర్లే, ఆ రెండూ నువ్వట్టుకో, పాయింటేడు నాకొగ్గేయ్."

కానీ ఆయన జ్ఞాపకం నా వెర్నియర్ కాలిపర్ కంటే నమ్మదగినది. ఎడమ తలుపు మీద, హ్యాండిల్‌కి కాస్త కింద, బొటనవేలు పెట్టి చూపించాడు. "ఐసు లారీ ఎనక్కొచ్చి గుద్దిన సొట్ట. ఇది నేకపోతే నా బండి కాదు బావా." వేడిచేసిన చెంచా అంచుతో సరిగ్గా అక్కడే సొట్ట పెట్టాను. మొత్తం ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో ఇంటికి వచ్చినవాళ్ళందరూ "బొమ్మ భలే ఉందండీ" అనేవారు. వాళ్ళందరికీ ఇది బొమ్మ కాదని, కొలత ప్రకారం కుదించిన బండి అని పాఠం చెప్పాను. పెళ్ళికార్డు ఇవ్వడానికి వచ్చిన ఒకాయన పావుగంట విని, కార్డు ఇవ్వడం మరిచిపోయి వెళ్ళాడు. దసరా తరువాతి ఆదివారం బెంగుళూరులో నమూనాల ప్రదర్శన ఉంది. అక్కడ చూపించి తేగానే బండిని మల్కాపురం చేర్చాలని మా ఏర్పాటు.

పండగనాడు అక్కాబావా మా ఇంటికే వచ్చారు. నేను మిఠాయి కోసం బయటికి వెళ్ళి తిరిగొచ్చేసరికి హాలంతా కర్పూరం వాసన. అద్దాల పెట్టె తెరిచి ఉంది. పికప్ పీట మీద ఉంది. బావ దాన్ని పంపు కింద కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల రెక్కలు దారానికి గుచ్చి మెడలో వేసినట్టు వేశాడు. ఆ ప్లాస్టిక్ నూరు డిగ్రీలకే మెత్తబడుతుంది. హారతి వేడికి ముందు బంపరు మీసంలా కిందికి వంగిపోయింది. నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు. నేను గుమ్మంలో ఉండగానే ఆయన కుడి అరచెయ్యి బానెట్ మీద ఆనించి ముందుకి అదిమాడు. టక్కుమంది. విరిగింది ముందు ఇరుసు.

"సిన్నకాయలే ఏరి తెచ్చాను బావా," అన్నాడు నా ముఖం చూసి. "వన్ టౌన్ బజారంతా తిరిగినాను. ఇంత సిన్నవి ఏటి సేసుకుంటావని కొట్టోడు నవ్వీసినాడు."

నిజమే, రేగుపండంత కాయలు. వ్యాసం పదిహేను మిల్లీమీటర్లు. ఇరవై నాలుగుతో గుణిస్తే ముప్పై ఆరు సెంటీమీటర్లు, అంటే అసలు బండి చక్రం కింద గుమ్మడికాయ పెట్టి తోలినట్టు. ఈ లెక్క నాకు నిలబడ్డచోటే తట్టి, ఉన్న కోపాన్ని రెట్టింపు చేసింది.

"బుద్ధుందా నీకు? దీనికి పూజేమిటి? బండీ లేదు, గిండీ లేదు, ఇది ఉత్త ప్లాస్టిక్ బొమ్మ!"

ఊరందరూ అంటే దిద్దిన మాటను నేనే అన్నాను, అదీ దాన్ని నిజంగా బండి అనుకున్న ఒకే ఒక్క మనిషితో. తక్కినవాళ్ళు మెచ్చుకుని పోయారు. ఆయన కడిగాడు, బొట్టు పెట్టాడు, ఏడాదంతా ఏ ప్రమాదమూ లేకుండా తిరగాలని దండం పెట్టాడు. ఇదంతా నాకు అప్పుడు తోచలేదు. తొట్టి మీద నేను రాసిన తెల్లటి అక్షరాల మీద పసుపు మరక పోదనే తోచింది. ఆయన, పనిచేసే ఆ ఒక్క చేత్తోనే, నిమ్మకాయలు నాలుగూ ఏరి జేబులో వేసుకున్నాడు. ఇద్దరూ అన్నం తినకుండా వెళ్ళిపోయారు.

బండిని ప్రదర్శనకి తీసుకెళ్ళలేదు. ఇత్తడి కడ్డీతో ఇరుసు సరిచేసి, కొత్త బంపరు అమర్చి, మళ్ళీ రంగు వేశాను. తప్పు చేసినవాడు ఆయన, కాబట్టి ఆయనే రావాలి, వస్తే బండి ఇస్తాను: ఇదీ నా లెక్క. నాలుగేళ్ళు ఈ లెక్క పట్టుకు కూర్చున్నాను. పెళ్ళిళ్ళలో ఎదురైతే "బాగున్నారా ఇంజినీరు గారూ" అనేవాడు. ఆ పలకరింపు వినగానే నాకు ఒళ్ళు మండేది. చివరికి పోయిన ఏడాది దసరా వెళ్ళాక, నేనే బండిని పెట్టెలో సర్దుకుని మల్కాపురం వెళ్ళాను.

"నాలుగేళ్ళకి దారి కనపడిందేట్రా నీకు?" అంది అక్క, గుమ్మంలోనే నిలబెట్టి.

బావ కుర్చీలో ఉన్నాడు, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని. స్టూలు ముందుకి లాగి, దాని మీద పికప్ ఉంచి, సొట్ట ఉన్న వైపు ఆయనకి కనపడేలా తిప్పాను. "నీ బండి తెచ్చాను బావా." ఆయన సొట్ట కేసి చూశాడు. కుడిచెయ్యి కుర్చీ చేతి మీదనుంచి కదల్లేదు.

"బాగా సేసారండి," అన్నాడు. "ఎండగా ఉంది, మజ్జిగ పుచ్చుకుని ఎల్లండి."

మజ్జిగ తాగి, బండిని అక్కడే వదిలి వచ్చేశాను. దాని దుమ్ము అక్కే తుడుస్తోందట. ఊరికే ఆగి పోగొట్టిన ఆ నాలుగేళ్ళకు నా మీద నాకు పట్టరాని కోపంగా ఉంది. అతుకుల పని తెలిసినవాణ్ణి, జిగురు రాసి వదిలేస్తే చాలదనీ, ఆరేదాకా రెండు ముక్కలనూ చేత్తో అదిమి పట్టుకోవాలనీ ఎరిగినవాణ్ణి. అలా పట్టుకునే చెయ్యి లేకపోతే కాలం ఆ రెంటినీ దేనికది గట్టిపరుస్తుంది.