దీవి సంతలో నేలమీద కూర్చున్న రోజు

మొన్న మా అమ్మాయి ఉండే కరామాలో కూరగాయల కొట్టుకు వెళ్ళాను. ప్లాస్టిక్ సంచులు ఇవ్వడం మానేసిన దగ్గర్నుంచి అందరూ గుడ్డసంచులు తెచ్చుకుంటున్నారు గానీ, నేను మాత్రం నా ఖర్జూరాకు బుట్టే పట్టుకెళతాను. బిల్లు కొట్టే అమ్మాయి మన తెలుగు పిల్లే. బుట్టను అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కడ కొన్నారాంటీ అని అడిగింది. కొనలేదమ్మా, మార్చుకున్నాను అన్నాను. వెనక వరుసలో జనం విసుక్కుంటుంటే మిగతా సంగతి చెప్పడానికి వీలుపడలేదు. నా ఈడు వాళ్ళు మీరైతే తీరిగ్గా వింటారని ఇక్కడ చెబుతున్నాను.

ఉద్యోగం చాలించి ఇలా కూతురి దగ్గరికి చేరకముందు, చివరి నాలుగేళ్ళు నేను అబుదాబికి పడమటి వైపున్న ఒక చిన్న దీవిలో, ఆసుపత్రి నర్సుగా పనిచేశాను. ఫెర్రీ దిగితే చేపల పడవలు, వాటి వెనక ఖర్జూరపు చెట్లు, ఇంకా వెనక మా ఆసుపత్రి, అంతే ఊరు. అక్కడి పెద్దవాళ్ళ తండ్రులు ముత్యాల కోసం సముద్రంలో మునిగినవాళ్ళు. మొదటిసారి ఆ ఫెర్రీ ఎక్కినప్పుడు తోటి నర్సులు, ఇంత మారుమూల ఎలా ఉంటావమ్మా అని జాలిపడ్డారు గానీ, నాకు మాత్రం నీళ్ళు దాటి ఇంటికి పోవడం కొత్తేం కాదు. నేను పుట్టింది గోదావరి నడుమ ఒక లంకలో. పదో తరగతి దాకా పడవ మీదే బడికి పోయాను.

ఆ మాట మాత్రం నేనెప్పుడూ ఎవరితోనూ అనలేదు. అంటే మీ అమ్మ ఏం చేసేదని తరువాతి ప్రశ్న వస్తుంది. మా అమ్మ సంతలో చేపలు అమ్మేవాళ్ళ పక్కన నేలమీద కూర్చుని, పచ్చి ఈతాకుతో బుట్టలల్లి అమ్మేది. నేను నర్సు ట్రైనింగులో ఉండగా ఒకసారి అరటిపళ్ళు పెట్టిన బుట్టతో హాస్టలుకు వచ్చింది. అమ్మ గేటు దాటి వెళ్ళగానే, స్నేహితురాళ్ళ కంట పడకుండా పళ్ళు కొంగులో వేసుకుని బుట్ట వాచ్‌మన్‌కు ఇచ్చేశాను. ఆ పని చేసింది నేనేనని ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గేస్తోంది.

కరోనా భయం కాస్త సద్దుమణిగిన మొదటి చలికాలం, నేషనల్ డే సెలవుల్లో దీవి వాళ్ళంతా కలిసి బడి మైదానంలో సంత పెట్టాలనుకున్నారు. ఎండుచేపలు, వలలు, ఖర్జూరాలు, ఆకు అల్లికలు, దీవి వాళ్ళు చేతితో చేసినవేవైనా సరే. ఒకే షరతు, ప్లాస్టిక్ కనపడకూడదు. మా ఆసుపత్రికీ ఒక బల్ల ఇచ్చారు. ముదీర్, అంటే మా ఆసుపత్రి పెద్దాయన, అందరినీ కూర్చోబెట్టి ఎవరేం తెస్తారని అడిగితే, ఫిలిప్పీన్స్ నర్సు తన దీవి వంటకం పేరు చెప్పింది. ఇండియా వాళ్ళకు దీవులెక్కడివిలే అని ఎవరో నవ్వారు. నాకెక్కడ పౌరుషం వచ్చిందో తెలియదు, నేనూ దీవి మనిషినే, సంతలో పెట్టే చేపల దుకాణానికి కావలసిన బుట్టలన్నీ నేనే అల్లి ఇస్తాను అనేశాను. ఇంకేం, చేపల వాళ్ళు కాగితం సంచులు తెప్పించే పని మానుకున్నారు.

చెట్లు కత్తిరించే పనిలో జగిత్యాల వైపు తమ్ముడొకడు ఉండేవాడు. మట్టలు కావాలని అడిగితే, “అక్కా, గివన్నీ కొట్టి పారేసుడే గదా. ఎన్ని గావాలె నీకు?” అని బండెడు తెచ్చి పడేశాడు. ఖర్జూరం మా ఈతచెట్టుకు పెద్దక్కలా ఉంటుంది. ముళ్ళు కోసి, ఆకు చీల్చి పట్టుకునేసరికి ముప్ఫయ్యేళ్ళుగా ముట్టని పని వేళ్ళకు గుర్తొచ్చింది. సంతకు వారం ముందే మొదలుపెట్టి, డ్యూటీ దిగిన ప్రతి సాయంత్రం అల్లి, నలభై బుట్టలు మా గదిలో పేర్చుకుని మురిసిపోయాను. ఆసుపత్రిలో ఏ పనికైనా అన్నీ ముందే సర్దిపెట్టుకోవడం అలవాటు కదా, ఇదీ అలాగే అనుకున్నాను. సంత రేపనగా చూసుకుంటే, ఏసీ గాలికి ఆకంతా ముడుచుకుపోయి అల్లిక వదులైపోయింది. ఎత్తి చూస్తే అడుగున నాలుగు వేళ్ళు దూరే సందులు. చేప కాదు గదా, చింతపండు కూడా నిలవదు. నోరు జారినందుకు నన్ను నేనే తిట్టుకుని, చివరికి లంకకు వీడియో కాల్ చేశాను.

అమ్మ వాటిని చూసి చాలాసేపు నవ్వింది. “ఓసి పిచ్చిదానా, పచ్చాకు బుట్ట వారం రోజులు ఉంటదేంటే? సంత నాడు పొద్దున్నే అక్కడే కూచుని అల్లేవోళ్ళం, మర్చిపోయావా? కొన్నోళ్ళు చేపలు వండుకుని బుట్ట పేడకుప్ప మీద పారేసేవోళ్ళు. నువ్వూ అక్కడే కూచుని అల్లు.”

అక్కడే కూచుని. అంటే నేలమీద, కాళ్ళు చాపి, బొటనవేలికి ఆకు తగిలించి, వచ్చేపోయే జనం మధ్య. నేను ఇంజెక్షన్ వేసిన వాళ్ళూ, నన్ను సిస్టర్ అని పిలిచేవాళ్ళూ, ముదీరూ చూస్తుండగా. మా అమ్మ కూర్చున్నట్టే. ఫోను పెట్టేశాక చాలాసేపు గుంజాటన పడ్డాను. తలనొప్పి అని సెలవు పెట్టేద్దామా అని కూడా అనుకున్నాను. కానీ సెలవు పెడితే హాస్టలు గేటు దగ్గర చేసిన పనే మళ్ళీ చేసినట్టవుతుందనిపించింది.

పొద్దున్నే తాజా మట్టలు తెప్పించుకుని, చేపల దుకాణం పక్కన చాప పరుచుకుని కూర్చున్నాను. మొదటి బుట్ట తలెత్తకుండా అల్లాను. మూడోదానికల్లా చుట్టూ పిల్లలు, వాళ్ళ వెనక తల్లులు. ప్రతివారం బీపీ చూపించుకోవడానికి వచ్చే పెద్దావిడ ఒకామె, మేమంతా ఖాలా, అంటే పిన్నీ అని పిలిచేవాళ్ళం, తన దుకాణం వదిలేసి వచ్చి నా పక్కన నేలమీదే కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆమె ఎండిన ఆకును నీళ్ళలో నానబెట్టి అల్లుతుంది, ఏళ్ళ తరబడి ఉంటుంది. నా చేతివంక కాసేపు చూసి, “మీన్ అల్లమిచ్?” అంది, ఎవరు నేర్పారు అని. అరబ్బీ, ఇంగ్లీషు కలిపి అందరికీ వినపడేలా చెప్పాను: మా అమ్మ. ఇలాగే సంతలో కూర్చుని బుట్టలమ్మింది, ఆ డబ్బుతోనే నన్ను నర్సును చేసింది. ఖాలా తన భుజంతో నా భుజాన్ని తట్టి, యల్లా, కానియ్, ఆకు అందుకో అంది. మధ్యాహ్నానికి చేపలన్నీ నా బుట్టల్లోనే వెళ్ళిపోయాయి. ముదీర్ కూడా ఒకటి పట్టుకెళ్ళాడు. ఉద్యోగంలో మెప్పులు పొందాను గానీ, ఆ రోజంత గర్వంగా నేనెప్పుడూ లేను. లేచేటప్పుడు ఖాలా నా పచ్చి బుట్ట ఒకటి తీసుకుని, తన బుట్ట నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు అలాంటి సంతలు ఇక్కడ చాలా పెడుతున్నారు, దీపాలు, పాటలు, అచ్చేసిన సంచులు, అంతా బాగుంటుంది. మా లంకకు మాత్రం వంతెన వచ్చాక చేపలు నల్ల కవర్లలోనే వెళుతున్నాయట. అమ్మ వేళ్ళు ఇప్పుడు వంగవు. ఖాలా బుట్ట ఇంకా చెక్కుచెదరలేదు, ఎవరడిగినా దాని కథ తలెత్తుకుని చెబుతాను. అమ్మ చేతి బుట్ట చూపించమంటే మాత్రం నా దగ్గర ఒక్కటీ లేదు. ఒక్క పూటకే అల్లినవి కదా. నాకోసం తెచ్చినదాన్ని ఆ ఒక్క పూటైనా నేను ఉంచుకోలేదు.