పిన్నిని బయట కూర్చోబెట్టిన సాయంత్రం

కాలేజీలో అందరూ ఆవిడని సలహాల మేడం అంటారు. ఏ పిల్ల ఏ సబ్జెక్టు తీసుకోవాలో, ఏది వదిలేయాలో చెప్పడమే ఆవిడ ఉద్యోగం. విరిగిన బెంచీలు పడేసే గదిని సగం ఖాళీ చేయించి, ఒక బల్ల, మూడు కుర్చీలు వేసిచ్చారు. ఫ్యాను తిరుగుతుంది గానీ, గాలి పక్కగదికి పోతుందేమోనని ఆవిడ అనుమానం.

ఆ సాయంత్రం ఆవిడకి ఒళ్ళు మండిపోతోంది. సబ్జెక్టు మార్చుకోవడానికి అదే ఆఖరి రోజు. గడువిచ్చిన వారమంతా తలుపు బార్లా తీసుకుని కూర్చుంటే ఈగ కూడా వాలలేదు, ఈ ఒక్కరోజే అందరూ ఊడిపడ్డారు. చెప్పి చెప్పి గొంతు జీరబోయింది. మార్పు కాగితాలు తీసుకునే ఆఫీసు కిటికీ మూసేవేళకి రెండో ఏడాది పిల్ల ఒకతె, వాళ్ళ పిన్ని వెంట వచ్చింది.

ఆ పిల్లని చూడగానే మేడం ప్రాణం ఉసూరుమంది. కెమిస్ట్రీ రెండుసార్లు తప్పింది. మూడోసారీ పోతే కాలేజీలోంచి పేరు కొట్టేస్తారు. ల్యాబు మానొద్దని, ట్యూషన్ పెట్టించుకోమని చిలక్కి చెప్పినట్టు చెబితే, బుద్ధిగా తలూపి వెళ్ళడమే తప్ప ఒరిగిందేమీ లేదు.

"ఈసారి గట్టిగా గడ్డి పెట్టండి మేడం. మా మాట దీని చెవికెక్కదు," అంది పిన్ని, కుర్చీ లాక్కుంటూ.

"ల్యాబుకి ఎందుకెళ్ళట్లేదు?"

"బద్ధకం మేడం! ముంగిలా కూర్చోవడం తప్ప ఇంకేం చేతకాదు."

మేడం ఏదో అనబోయి ఆగింది. అడిగింది పిల్లని, చెప్పింది పిన్ని. పోయినసారీ ఇంతే. అసలీ పిల్ల గొంతెలా ఉంటుందో తనకి తెలుసా? నా సలహాలన్నీ పిన్నికే చెప్పానన్నమాట! ఆవిడకి తనమీద తనకే చిర్రెత్తుకొచ్చింది.

"మీరు కాస్త బయట కూర్చోండి."

"ఏం, నేను పరాయిదాన్నా?"

"పరీక్ష మీరు రాస్తారా?"

"రాయమంటే రాస్తాను, దీనికన్నా నయమే!" అంటూ పిన్ని మూతి ముడుచుకుని వెళ్ళింది.

పిల్ల సంచి పట్టీ మెలిపెడుతూ అంది, "ల్యాబులో వాసనకి కళ్ళు తిరుగుతాయి మేడం. ఒకసారి పడిపోయాను కూడా."

"ఓసి నా తల్లీ! ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావే?"

"మీరు పిన్నినే చూస్తూ అడిగేవారు."

మేడం కుర్చీ పిల్లవైపు తిప్పుకుంది. "సరే, దాని బదులు ఏం చదువుతావు?"

"మీరే చెప్పండి."

స్టాటిస్టిక్స్ అన్న మాట మేడం నాలిక చివరిదాకా వచ్చింది. లెక్కల్లో మంచి మార్కులు, కళ్ళు మూసుకుని పాసవుతుంది. అయినా పళ్ళు బిగించి కూర్చుంది. ఊరుకోవడం ఇంత కష్టమని ఆవిడకి ఇప్పుడే తెలిసింది.

అటెండరు తొంగిచూశాడు. "తాళం వేసేయనా మేడం? ఇంకా ఆలస్యమైతే మా ఆవిడ ఇంటికి తాళం వేస్తుంది."

"ఆగవయ్యా బాబూ!"

"చరిత్ర," అంది పిల్ల, ఉన్నట్టుండి.

"పేజీలకి పేజీలు రాయాలే, తెలుసా?"

"తెలుసు. అది చదువుతుంటే అన్నం సంగతి కూడా గుర్తురాదు మేడం."

మేడం ఉసూరుమంటూనే మార్పు కాగితం మీద సంతకం చేసి పిల్ల చేతికిచ్చింది. తలుపు తీసేసరికి పిన్ని అక్కడే చెవి ఒగ్గి నిలబడి ఉంది.

"చరిత్రా! ఇదేనా మీరు చెప్పే సలహా?"

"నువ్వు పరిగెత్తవే, కిటికీ మూసేస్తారు!" అని మేడం పిల్లని ముందుకి తోసింది.

పిల్ల పరుగు తీసింది. పిన్ని తిట్లన్నీ మేడం మీదికి తిరిగాయి. ఆఫీసులో ముద్ర పడిన చప్పుడు వినబడేదాకా మేడం పిన్ని దారికి అడ్డంగా నిలబడి తిట్లు తింది. అందులో సగం తనూ ఒప్పుకునేవే.