చీరల మధ్య ఎండ

నర్సీపట్నంలో ఎండకు కరువేమిటి? జీడిపిక్కలు ఎండబోసే కూలిపనిలో నా వీపు మాడిపోయింది. అలాంటి ఊళ్లో నా చిన్నకూతురికి ఒంట్లో ఎండ చాలలేదని విశాఖపట్నం డాక్టరుగారు చెబితే, నన్ను ఆటపట్టిస్తున్నారేమో అనుకున్నాను.

అది రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మా ఆయన పోయాక పిల్ల బజారులో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ముందు ఒక కన్ను మసకేసింది. సూదిలో దారం ఎక్కించలేకపోయింది. కొన్నాళ్లకు దానంతటదే తగ్గింది. మరుసటేడు కాళ్లు మొద్దుబారాయి. మిషను తొక్కుతుంటే ఎడమకాలు జారిపోయేది. పెద్దాసుపత్రిలో స్కానింగు తీసి, మెదడులో నరాల మీద పొర అక్కడక్కడ చెడిందన్నారు. మల్టిపుల్ స్క్లీరోసిస్ అట. ఆ పేరుకు నా నోరు తిరగడానికి చాలా కాలం పట్టింది. సెలైనులో మందు ఎక్కించాక కాలు కొంత వచ్చింది. రక్తం చూసి, విటమిన్ డి బాగా తక్కువుందన్నారు. నాకు కావలసింది ఒక్కటే, పిల్ల మళ్లీ మిషను తొక్కాలి.

“పెద్దదీ ఇదీ ఒకే ఇంట్లో పెరిగినోళ్లండి. ఒకే కూడు, ఒకే ఎండ. దానికి రానిది దీనికెందుకొచ్చిందండి? నా ఒంట్లోంచొచ్చిందేటండి?” అని డాక్టరుగారిని అడిగాను.

“ఒక తల్లి పిల్లలైనా లోపలి తయారీ ఒకేలా ఉండదమ్మా. కొందరి ఒంట్లో ఎంత ఎండ తగిలినా ఆ విటమిన్ తక్కువే నిలుస్తుంది. జబ్బుకు అదొక్కటే కారణమని చెప్పలేను. నీ తప్పు మాత్రం కాదు” అన్నారు.

అది నాకు అర్థమైంది. ఒకే చెట్టు పిక్కలు పాతినా ఒక జీడిమామిడి విరగకాస్తుంది, పక్కది ఆకులే వేస్తుంది.

బిళ్లలతోపాటు చేతులకూ కాళ్లకూ కాసేపు ఎండ తగలాలన్నారు. ఎదిగిన పిల్లను మోకాళ్ల దాకా బట్ట ఎత్తి ఎక్కడ కూర్చోబెట్టను? మా ఆయన పోయాక నేను కట్టడం మానేసిన రంగుచీరలు పెట్టెలోంచి తీసి, దొడ్లో నాలుగు కర్రలు పాతి చుట్టూ కట్టాను.

పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసింది.

“ఏటొదినా, ఒడియాలెట్టినట్టు పిల్లనెండబెట్టేవు? కాకులెత్తుకుపోతాయి, సూసుకో.”

“నీ గొంతింటే కాకులు ఊరొగ్గేసి పోతాయిలే” అన్నాను.

కాసేపన్నారు గానీ, ఎంత ఎక్కువ తగిలితే అంత మంచిదనుకుని భోజనాల వేళ దాకా కూర్చోబెట్టాను. లేవమంటే లేవలేకపోయింది.

“కాళ్లు నాయి కావే అమ్మా. నువ్వు ఇద్దరిలాగ కనిపిస్తన్నావు” అంది.

జబ్బు మళ్లీ మొదటికొచ్చిందనుకున్నాను. నీడలోకి ఈడ్చి బావినీళ్లు పోశాను. సాయంత్రానికి కాలు కదిలింది. టెలిఫోను బూత్ నుంచి ఫోను చేస్తే, ఈ జబ్బున్నవాళ్లకు ఒళ్లు వేడెక్కితే నరాలు మొరాయిస్తాయనీ, చల్లబడితే తిరిగొస్తాయనీ డాక్టరుగారు చెప్పారు.

ఎండ కావాలి, వేడి కూడదు. ఇదెక్కడి వైద్యమని చీరలు విప్పబోయాను. పిల్ల ఒప్పుకోలేదు.

“ఉండనీయమ్మా. బకెట్టుతో నీళ్లు తే.”

మర్నాటి నుంచి మెడమీద తడితువ్వాలు వేసుకుని, పాదాలు బకెట్టులో పెట్టుకుని కాసేపే కూర్చునేది.

“ఒడియాలకి నీళ్లు పోత్తారేటే?” అంది పక్కింటావిడ.

“నానబెట్టి మళ్లీ ఎండబెడతన్నాం అత్తా. నీకూ పంపుతాంలే” అంది లోపల్నుంచి పిల్ల.

బిళ్లలవల్లో, సెలైనువల్లో, ఎండవల్లో నేను చెప్పలేను. మళ్లీ రాదని డాక్టరుగారూ అనలేదు. క్రిస్మస్ బట్టల వేళకు మిషనెక్కింది. కాలు నిలుస్తుందో లేదో తెలియక కుట్టమని ఊళ్లోవాళ్లిచ్చిన గుడ్డ ముట్టుకోలేదు. ఎండకు వెలిసిన నా పచ్చచీరలో బాగున్న ముక్క కత్తిరించి, నాకే జాకెట్టు కుట్టింది. చెయ్యి దగ్గర కుట్టు వంకరపోయింది. విప్పి మళ్లీ కుడతానంది. వద్దని ఆ ఆదివారం అదే వేసుకుని ప్రార్థనకు గుడికి వెళ్లాను.