దిగానన్న మాట

మా బావ సెల్ టవర్ల మెకానిక్. ఇరవై రెండేళ్లుగా అదే పని. కాపురం టవరుతో, భోజనం ఇంట్లో అని అక్క దెప్పుతూ ఉంటుంది. ఖర్చు కలిసొస్తుందని మూడు ఫోను కంపెనీలు ఆయన చూసుకునే ఒక్క టవరునే పంచుకున్నాయి. కింద గదిలో ముగ్గురికీ ఒకే కరెంటు, ఒకే జనరేటరు. మరమ్మతు కోసం ఆపితే చాలు, ముగ్గురూ ఫోన్లు చేసి ప్రాణం తోడేస్తారు.

పైకెక్కినవాడు కిందికి దిగి, "దిగాను" అని ఫోనులో చెప్పేదాకా గదిలో ఉన్నవాడు స్విచ్చి ముట్టుకోకూడదు. జనరేటరు మోతలో కేక వినబడదు మరి.

మూడేళ్ల క్రితం కంపెనీల వాళ్ల తిట్లు భరించలేక బావ ఆ మాట కోసం ఆగలేదు. స్విచ్చి వేశాడు. పైనున్న జోడీదారు కరెంటు తగిలి పడిపోయాడు. ప్రాణం పోయింది, జేబులో ఫోనూ ముక్కలైంది. విచారణలో బావ, "దిగానని చెప్పాడు, మళ్లీ ఎందుకెక్కాడో" అన్నాడు. అది పచ్చి అబద్ధమని ఆ రాత్రి తాగి నా ఒక్కడితోనే ఒప్పుకున్నాడు. నాకు ఇప్పటికీ కోపమే.

ఈమధ్య ఒక కంపెనీ, పాత టూజీ ఫోన్ల కోసం ఉంచిన స్పెక్ట్రాన్ని కొత్త ఫోన్లకు ఇచ్చేద్దామనుకుంది. వాడేవాళ్లు లేనప్పుడు ఖాళీగా ఉంచడం దండగే కదా. ఆ టవరు సిగ్నలు అందుకునే పాత ఫోన్ల లెక్క తెరమీద సున్నాకి రాగానే ఆపెయ్యమని బావకు చెప్పారు. రెండు వందలున్న లెక్క పదయింది, ఒకటయింది, అక్కడే ఆగిపోయింది. ఆ ఒక్క ఫోను ఎవరితోనూ మాట్లాడదు, టవరు దగ్గర్నుంచి కదలదు. బావ నంబరు చూశాడు. అది జోడీదారు నంబరు.

నిన్న మిట్టమధ్యాహ్నం గదిలో కూర్చుని బావ ఆ నంబరుకు ఫోను చేశాడు. అవతల ఎత్తారు. గాలి హోరు తప్ప ఏమీ వినిపించలేదు.

"తప్పు నాదేరా. నువ్వు దిగానని చెప్పలేదు. నేనే ఆగలేదు," అన్నాడు బావ.

హోరు ఆగింది. తెరమీద లెక్క సున్నా అయింది. బావ ఏడుస్తూనే పాత యంత్రాన్ని ఆపేశాడు. వెంటనే ఆయన ఫోను మోగింది. అదే నంబరు. ఆ పాత ఫోనుకు అందే సిగ్నలే ఇక లేదు.

"దిగాను. తలుపు తియ్యి."

ఇదంతా బావ ఇవాళ మా వరండాలో బల్ల మీద కూర్చుని చెప్పాడు. 

"తీశావా బావా?"

ఆయన కాస్త పక్కకు జరిగి, బల్ల మీద ఇంకొకరికి చోటిచ్చాడు.