విమానానికి సున్నం

మా నాన్న యుద్ధకాలంలో వైమానిక దళంలో ఫిట్టరు. అరవైల మొదట్లో ఆ దళం, వాడుక మానేసిన ఒక యుద్ధ విమానాన్ని ప్రదర్శనకని మా పంచాయతీకి అరువిచ్చింది. దాన్ని హైస్కూలు మైదానంలో నిలబెట్టారు. చూసుకునే పని నాన్న అడిగి తీసుకున్నాడు. జీతం లేదు. ఏడాదికొకసారి ఆఫీసరు వచ్చి చూస్తాడు, పాడైతే పట్టుకుపోతారు. షరతు అదే.

సముద్రం రెండు మైళ్ళే. పొద్దున రెక్క మీద చెయ్యి వేస్తే ఉప్పు అంటేది. నాన్న రోజూ మంచినీళ్ళ బావి నుంచి రెండు బిందెలు మోసుకెళ్ళి, రంగులేని ఆ అల్యూమినియం ఒంటిని కడిగి, పాత పంచెతో తుడిచేవాడు.

ఒక ఏడాది ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. మంచం మీద నుంచే "ఒకసారి పోయి చూసిరామ్మా" అని రోజూ అడిగేవాడు. నేను పొరుగూరి బడిలో టీచరుని. సాయంత్రం బస్సు దిగి నేరుగా ఇంటికే వచ్చేదాన్ని. చూశాను, బాగుందని చెప్పేదాన్ని.

అప్పుడే మంత్రిగారు వస్తున్నారని ఊళ్ళో అన్నిటికీ సున్నం కొట్టించారు. బడి గోడలకు, రోడ్డు పక్క రాళ్ళకు, చెట్ల మొదళ్ళకు. విమానానికి కూడా.

నాన్న లేచాక నేనే పట్టుకుని మైదానానికి నడిపించుకెళ్ళాను. సున్నం కొట్టినతను ఎదురొచ్చాడు.

"రెండు పూతలు వేసినాం అన్నా. అడుగున కూడా వదల్లా."

అక్కడే ఉన్న పంచాయతీ ప్రెసిడెంటుగారు నవ్వారు. "ఏందయ్యా, పెండ్లికొడుకు మాదిరి ఉంటే ఆ మొహమేంది?"

"అది గోడ కాదు సార్. అల్యూమినియాన్ని సున్నం తినేస్తాది."

"గోడల్నే తినలేదు, విమానాన్ని తింటాదా? జరం ఇంకా దిగినట్టు లేదు నీకు."

నాన్న నా వైపు చూశాడు. బిందె తెమ్మన్నాడు.

కడిగితే కింద రేకంతా గుంటలు పడి ఉంది. ఆ ఏడు ఆఫీసరు వచ్చి బొటనవేలితో నొక్కితే రెక్క లోపలికి దిగిపోయింది. ఎవరు చూసుకుంటారని అడిగాడు. ప్రెసిడెంటుగారు నాన్నను చూపించారు. సంరక్షకుడి అజాగ్రత్త అని రాసిన కాగితం మీద నాన్న సంతకం పెట్టాడు.

"సున్నం సంగతి చెప్పలేదేం నాన్నా?"

"కాపలా నాదమ్మా. నేను పడుకున్నప్పుడు ఇంకొకరు చూడాల్సింది."

రెక్కలు రంపాలతో కోసి లారీలో వేసుకుపోయారు. నాన్న మళ్ళీ మైదానం వైపు వెళ్ళలేదు. రెండేళ్ళకు పోయాడు.

క్రిస్మస్ ముందు మావాళ్ళు సమాధులన్నిటికీ సున్నం వేయిస్తారు. నాన్న సమాధికీ వేయిస్తారు. నేను వద్దనలేదు. వద్దంటే ఎందుకో చెప్పాలి.